శ్రీశైలం ఘాట్ నుంచి లగూనా సెకా దాకా: రేస్ లైసెన్సు కోసం నా ఏడేళ్లు

మా నాన్న నరసరావుపేట డిపోలో ఆర్టీసీ డ్రైవరు. చాలా ఏళ్లు శ్రీశైలం సర్వీసు నడిపారు. వేసవి సెలవుల్లో రెండు మూడు సార్లు నన్నూ వెంట తీసుకెళ్లారు. ఇంజను బానెట్ మీద తువ్వాలు మడిచి వేసి కూర్చోబెట్టేవారు. దోర్నాల దాటి ఘాట్ ఎక్కడం మొదలయ్యాక నాకు లోయ తప్ప ఇంకేమీ కనపడేది కాదు. నాన్న మాత్రం లోయ వంక చూసేవారు కాదు. టైరు ముందున్న రోడ్డు వంకా చూసేవారు కాదు. మలుపు ఎక్కడ పూర్తవుతుందో అక్కడ ఉండేది ఆయన చూపు. "ఎటు చూస్తే బండి అటే పోద్దిరా" అనేవారు. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఆయన చేతిలో ఒక్క యాక్సిడెంటు కాలేదు.

అందుకే కాలిఫోర్నియా నుంచి ఫోన్ చేసి, కార్ రేసుల్లోకి దిగాలనుకుంటున్నానని చెప్పిన రోజున ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఒకే మాట అన్నారు: "మేం ఎక్కించుకున్నవాళ్లని ఇంటికి చేర్చడానికి నడిపాం. నువ్వు దేనికి నడుపుతావురా?" అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఈ మధ్య ఇక్కడి మన కుర్రాళ్లు, ఇండియా నుంచి కొందరు, రేసింగ్‌లోకి ఎలా రావాలని అడుగుతున్నారు. వాళ్ల కోసమూ, నాన్న అడిగినదానికి ఆలస్యంగా దొరికిన జవాబు కోసమూ ఇది రాస్తున్నాను.

నేను మొదలుపెట్టింది 2015లో. అప్పటికి నాకు 33 ఏళ్లు. ఆఫీసులో ఒక సహోద్యోగి ఆదివారం ఆటోక్రాస్‌కి రమ్మన్నాడు. పెద్ద ఖాళీ స్థలంలో నారింజ రంగు కోన్లు పెట్టి దారి గీస్తారు. ఒక్కో కారు విడిగా వెళ్తుంది, గడియారంతోనే పోటీ. కోన్ తగిలితే రెండు సెకన్లు కలుపుతారు. రోజంతా ఎండలో నిలబడితే కారులో గడిపేది ఐదారు నిమిషాలే. మిగతా సమయమంతా ఇతరులు పడగొట్టిన కోన్లు లేపి సరిగ్గా పెట్టాలి. ఖర్చు తక్కువ, ప్రమాదం దాదాపు లేదు. బండి బరువు బ్రేక్ వేస్తే ముందుకీ, యాక్సిలరేటర్ తొక్కితే వెనక్కీ ఎలా జరుగుతుందో నా కాళ్లకు, నడుముకు తెలిసింది అక్కడే. ఎవరు అడిగినా ముందు ఆటోక్రాస్‌కి వెళ్లమనే చెప్తాను.

రేస్ ట్రాక్ మీదికి మొదటిసారి వెళ్లింది 2016 మార్చిలో, థండర్‌హిల్‌కి. శాన్ ఫ్రాన్సిస్కో నుంచి ఉత్తరానికి రెండున్నర గంటల దూరంలో విలోస్ అనే చిన్న ఊరి పక్కన, పొలాల మధ్య ఉంటుంది. పాత ట్రాక్ దాదాపు 4.6 కిలోమీటర్లు, 15 మలుపులు. నా రోజువారీ హోండా సివిక్‌తోనే వెళ్లాను. ఇది రేస్ కాదు, డ్రైవింగ్ శిక్షణ. ఇక్కడ దీన్ని నడిపే పెద్ద సంస్థల్లో నాసా ఒకటి. అంతరిక్షం నాసా వేరు, ఇది నేషనల్ ఆటో స్పోర్ట్ అసోసియేషన్. వాళ్ల దగ్గర నాలుగు మెట్లుంటాయి. మొదటి మెట్టులో పక్క సీట్లో ఇన్‌స్ట్రక్టర్ కూర్చుంటారు. ముందున్న కారును మన ఇష్టం వచ్చినట్టు దాటకూడదు. ముందున్న డ్రైవరు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, ఏ పక్కనుంచి వెళ్లాలో వేలితో చూపించాలి. చూపిస్తేనే దాటాలి, అదీ వాళ్లు చెప్పిన చోట్లలోనే. నాలుగో మెట్టుకి వెళ్లేసరికి ఆ చెయ్యి అవసరం ఉండదు.

ఆ రోజు మూడో సెషన్‌లో నా తప్పు ఒకటి బయటపడింది. వెనక వైపు స్ట్రెయిట్, అంటే మలుపుల్లేని తిన్నని రోడ్డు, చివర 14వ మలుపు దగ్గర గట్టిగా బ్రేక్ తొక్కాలి. తొక్కాను. పెడల్ మెత్తగా నేల దాకా వెళ్లిపోయింది. "పంప్, పంప్" అని ఇన్‌స్ట్రక్టర్ అరిచారు. మూడు నాలుగు సార్లు తొక్కితే కొంచెం పట్టింది, కారు మలుపు దాటి గడ్డిలోకి వెళ్లి ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. జరిగింది ఏమిటంటే, బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పాతబడిన కొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. మరిగితే ఆవిరి బుడగలు వస్తాయి. ద్రవాన్ని నొక్కితే ఒత్తిడి చక్రానికి చేరుతుంది, ఆవిరిని నొక్కితే అది కుంచించుకుపోతుంది అంతే. నేను మూడేళ్లుగా ఆ ఫ్లూయిడ్ మార్చలేదు. ఊళ్లో తిరిగితే జీవితాంతం తెలియని లోపం, ట్రాక్ మీద ఇరవై నిమిషాల్లో తెలిసింది. నాన్న డ్యూటీ ఎక్కే ముందు బస్సు చుట్టూ తిరిగి ప్రతి చక్రాన్నీ తట్టి చూసేవారు. ఆ రాత్రి మోటెల్ గదిలో పడుకుని అదే గుర్తు చేసుకున్నాను.

మొదటి మెట్టు నాలుగు నెలల్లో దాటాను. రెండో మెట్టులో మాత్రం ఏడాదిన్నర ఇరుక్కున్నాను. ఈ దశ గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు, అందుకే కాస్త వివరంగా రాస్తాను.

నా వేగం పెరిగింది. స్ట్రెయిట్‌లో అందరితో సమానంగా వెళ్తున్నాను. బ్రేక్ తొక్కుతూనే అదే కాలి అంచుతో యాక్సిలరేటర్ తాకించి గేర్ దించే హీల్ అండ్ టో కూడా వచ్చేసింది. అయినా ప్రతిసారీ ఇన్‌స్ట్రక్టర్ కాగితం మీద ఒకటే వాక్యం: చూపు దగ్గరే ఉంది. థండర్‌హిల్‌లో 9వ మలుపు ఎత్తు మీదికి ఎక్కుతుంది, అవతల ఏముందో కనపడదు. అక్కడ నేను ప్రతి ల్యాప్ కారును రెండు మూడు ముక్కలుగా తిప్పేవాణ్ని. కొంచెం స్టీరింగ్, ఆగడం, ఇంకొంచెం స్టీరింగ్. కారు కుదురుగా ఉండేది కాదు. 2017 అక్టోబరులో అక్కడే వెనక చక్రాలు జారి రెండు చుట్లు తిరిగాను. స్పిన్ అయితే రెండు కాళ్లూ లోపలికి, అంటే క్లచ్, బ్రేక్ రెండూ పూర్తిగా తొక్కి పట్టాలి. కారు ఎటు పోతుందో వెనక వచ్చేవాళ్లకు తెలియాలంటే చక్రాలు బిగుసుకుని నేరుగా జారాలి. మధ్యలో బ్రేక్ వదిలితే టైర్లకు పట్టు దొరికి, కారు అనుకోని వైపు దూకుతుంది. అది పాటించాను కాబట్టి వెనకున్న ఇద్దరూ పక్కనుంచి వెళ్లగలిగారు.

ఆ మధ్యాహ్నం కొత్త ఇన్‌స్ట్రక్టర్ ఒకరు వచ్చారు. డెబ్భైకి దగ్గరగా ఉన్న పెద్దావిడ. ఎక్కగానే ముందు అద్దం కింది భాగం మీద నీలం రంగు పెయింటర్ టేప్ అడ్డంగా అంటించారు. బానెట్‌కు ముందున్న ముప్పై నలభై అడుగుల రోడ్డు నాకు కనపడకుండా పోయింది. "ఇప్పుడు నడపండి, కనపడే చోటికే చూడండి" అన్నారు. మొదటి ల్యాప్ భయంతో చేశాను. రెండో ల్యాప్‌లో, 9వ మలుపు ఎక్కుతుండగా, నా చేతులు ఒకేసారి, ఒకే కదలికలో స్టీరింగ్ తిప్పాయి. కారు గీత గీసినట్టు వెళ్లింది. వెంటనే బానెట్ మీద తువ్వాలు, దోర్నాల ఘాట్, నాన్న మెడ వంపు కళ్ల ముందుకొచ్చాయి. నాకు ఎనిమిదేళ్లప్పుడు ఆయన చెప్పిన మాట అర్థం కావడానికి ఇరవై ఏడేళ్లు పట్టింది.

మూడో మెట్టుకి వచ్చాక, 2018 వేసవిలో, నేనే ఒక పని ఎంచుకున్నాను. దాన్ని ప్రతి ఒక్కరూ చేయాలంటాను. ఒక రేసు వారాంతం జెండాలు పట్టే వాలంటీరుగా వెళ్లాను. ఇక్కడి క్లబ్ రేసుల్లో ప్రతి మలుపు దగ్గరా నిలబడేవాళ్లు దాదాపు అందరూ వాలంటీర్లే. జీతం లేదు, భోజనం పెడతారు. ఆ శనివారం ఎండ 42 డిగ్రీలు. నాకు నీలం జెండా ఇచ్చారు, మీద పసుపు గీత ఉంటుంది. వెనక వేగంగా ఎవరో వస్తున్నారు, చూసుకో అని ముందువాడికి చెప్పే జెండా అది. నా పక్కన ఒకాయన పసుపు జెండాతో అటువైపు తిరిగి నిలబడ్డాడు. పసుపు జెండా కదలకుండా పట్టుకుంటే మలుపు దగ్గర ఏదో ఉందని, ఊపితే దారికే అడ్డంగా ఉందని. రెంటిలోనూ దాటడం నిషేధం. మధ్యాహ్నం ఒక కారు తిరిగి రోడ్డు మధ్య ఆగిపోయింది. ఆయన జెండా ఊపడం మొదలుపెట్టిన క్షణం నుంచి, ఆ గుంపులో ఇరవై మంది ఒక్కొక్కరుగా చెయ్యి పైకెత్తి, వేగం తగ్గించి, ఒకరి వెనక ఒకరు వరుస కట్టారు. అంతకుముందు సెకను దాకా ఒకరినొకరు అంగుళం కోసం తరుముకున్నవాళ్లే. ఒక గుడ్డ ముక్కను, దాన్ని పట్టుకున్న ముక్కూ మొహం తెలియని మనిషిని అంతగా నమ్మారు. నేను రేసు నడపాలని నిజంగా తీర్మానించుకుంది ఆ రోజే.

ఇక కారు. నేను ఎంచుకున్నది స్పెక్ మియాటా అనే తరగతి. 1990 నుంచి 2005 దాకా వచ్చిన మాజ్దా మియాటాలే ఇందులో పాల్గొంటాయి. స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు అందరికీ ఒకటే. డ్రైవరుతో కలిపి కనీస బరువు ఇంత ఉండాలని నియమం. రేసు అయ్యాక కాటా మీదికి ఎక్కించి తూస్తారు. నాది 1999 మోడల్, 1.8 లీటర్లు, సుమారు 140 హార్స్‌పవర్. ఇక్కడి రోడ్ల మీద తిరిగే చాలా ఎస్‌యూవీల కంటే తక్కువ. శక్తి తక్కువైతే మలుపులో పోగొట్టుకున్న వేగాన్ని స్ట్రెయిట్‌లో తిరిగి సంపాదించలేం. అందుకే ఈ కారు తప్పు దాచదు, దీంట్లో నేర్చుకున్నది ఎక్కడికీ పోదు.

2019లో 16 వేల డాలర్లకు కేజ్‌తో, అంటే డ్రైవరు చుట్టూ ఉండే ఉక్కు గొట్టాల చట్రంతో సహా కొన్నాను. అమ్మినాయన సీటు బెల్టులు కొత్తవే అన్నాడు. నేను నమ్మి లేబుల్ చూడలేదు. మొదటి టెక్నికల్ తనిఖీలో ఇన్‌స్పెక్టరు బెల్టు మడత విప్పి తేదీ చూపించాడు. గడువు దాటి చాలాకాలమైంది. ఆ వారాంతం కారు ట్రైలర్ దిగలేదు. రేసు బెల్టులకు, సీటుకు, హెల్మెట్‌కు అన్నిటికీ తేదీలుంటాయి. హెల్మెట్ కూడా బైకు హెల్మెట్ పనికిరాదు, ఎస్ఏ రేటింగ్ ఉండాలి. మంటకు తట్టుకుంటుందో లేదో, కేజ్ గొట్టానికి పదేపదే తగిలితే ఏమవుతుందో చూసే పరీక్ష అందులోనే ఉంటుంది. గుద్దుకున్నప్పుడు తల ముందుకు విసురుగా పోకుండా పట్టే హాన్స్ పరికరం మాత్రం మొదటి రోజు నుంచే కొనండి. 2001లో డేటోనా ట్రాక్ మీద పేరున్న రేసర్ డేల్ ఎర్న్‌హార్ట్ చనిపోయింది తల అడుగున ఎముక విరిగి. అదే ఏడాది, ఆ రేసులు నడిపే నాస్కార్ సంస్థ ఇలాంటి పరికరాన్ని తప్పనిసరి చేసింది. నా భార్య అన్ని ఖర్చులకూ లెక్క అడిగేది, దీనికి మాత్రం ఎప్పుడూ అడగలేదు.

డబ్బు సంగతి దాచను. ఒక్కో వారాంతానికి ఎంట్రీ, పెట్రోలు, టైర్ల అరుగుదల, బస అన్నీ కలిపి నాకు 1200 డాలర్ల దాకా అవుతుంది. మామూలు కారు ఇన్సూరెన్సు ట్రాక్ మీద పనిచేయదు. పోగొట్టుకుంటే తట్టుకోలేని కారును ట్రాక్ మీదికి తీసుకెళ్లకూడదు. ఏడాదికి ఐదు వారాంతాలకు మించకూడదని మేమిద్దరం రాసుకున్నాం, ఇప్పటికీ దాటలేదు.

2020లో నెలల తరబడి అన్నీ ఆగిపోయాయి. 2021లో నాలుగో మెట్టు. 2022 ఏప్రిల్‌లో కాంపిటీషన్ స్కూల్, అంటే రేసు లైసెన్సు కోసం ఇచ్చే శిక్షణ.

దానికి ముందు డాక్టరు సర్టిఫికెట్ కావాలి. ఆ తర్వాత రాత పరీక్ష, సగానికి పైగా జెండాల మీదే. బెల్టులు బిగించుకుని కూర్చున్నాక, స్టీరింగ్ ఊడదీసి, కిటికీ వల దించి ఎంతసేపట్లో బయటపడతామో స్టాప్‌వాచ్ పెట్టి చూస్తారు. కారులో మంట లేస్తే మనకుండేవి క్షణాలే. ట్రాక్ మీద మొదటి పాఠం నన్ను బాగా కదిలించింది. ఇద్దరిద్దరుగా జతకట్టి, పక్కపక్కనే, ల్యాప్ మొత్తం తిరగాలి. ప్రతి మలుపులో ఒకరు లోపల, ఒకరు బయట. అప్పటిదాకా ఏడేళ్లు ఒకే ఒక్క గీత నేర్చుకున్నాను: బయట అంచు నుంచి లోపలి అంచు తాకి మళ్లీ బయటికి. ఇప్పుడు ఆ గీత నాది కాదు. నా తలుపు పక్కన రెండడుగుల్లో పేరు తెలియని మనిషి ఉన్నాడు. అతను తన సగంలో ఉంటాడని నేను నమ్మాలి, నేను నా సగంలో ఉంటానని అతను నమ్మాలి. సాయంత్రం స్టార్టులు ప్రాక్టీసు చేయించి, ఉత్తుత్తి రేసు పెట్టి, తాత్కాలిక లైసెన్సు చేతికిచ్చారు.

మొదటి నిజమైన రేసు అదే సంవత్సరం జూన్‌లో, థండర్‌హిల్‌లోనే. 29 కార్లలో 26వ స్థానం నుంచి మొదలుపెట్టాను. పచ్చ జెండా ఊగాక మొదటి రెండు ల్యాపులు ఏం జరిగిందో ఇప్పటికీ పూర్తిగా గుర్తులేదు. ఏడో ల్యాప్‌లో జరిగింది మాత్రం ప్రతి సెకనూ గుర్తుంది. 14వ మలుపుకి బ్రేక్ వేస్తున్న చోట, వెనకాయన లోపలి వైపు నుంచి వచ్చాడు. అద్దంలో చూశాను. చూసి, చివరి క్షణంలో నేనూ లోపలికి తిరిగాను. స్థానం కాపాడుకోవాలనే తాపత్రయం. ఆయన నన్ను తాకకుండా ఉండటానికి మట్టిలోకి దిగిపోయాడు. దుమ్ము లేచింది. ఆయన ఆరు స్థానాలు పోగొట్టుకున్నాడు. రేసు అయ్యాక అధికారులు వీడియో చూసి నన్ను చివరి స్థానానికి దించారు. న్యాయమే.

ఆయన నా దగ్గరికి వచ్చాడు. అరుస్తాడనుకున్నాను. అరవలేదు. హెల్మెట్ చేతిలో పట్టుకుని, "నువ్వు అడ్డం రావచ్చు. కానీ ముందే రావాలి. నువ్వు ఏం చేయబోతున్నావో నాకు తెలియలేదు" అన్నాడు. నేను క్షమాపణ చెప్పాను. ఇంటికి ఐ-5 హైవే మీద ట్రైలర్ లాక్కుంటూ వస్తూ నాన్నకి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. ఆయన అంతా విని, "ఇండికేటర్ వెయ్యకుండా తిప్పావన్నమాట" అన్నారు. తర్వాత, "ఆయనకు దెబ్బ తగల్లేదుగా?" అని రెండుసార్లు అడిగారు.

మరుసటి రేసుకి నేను ఒకే లక్ష్యం పెట్టుకున్నాను. వెనకవాడికి నా ఉద్దేశం బ్రేకింగ్ పాయింట్‌కి ముందే తెలియాలి. స్థానం పోతే పోనీ. సెప్టెంబరు, అక్టోబరుల్లో నాలుగు రేసులు ఎవరికీ తగలకుండా ముగించాను. నవంబరులో పూర్తి లైసెన్సు వచ్చింది.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ అనే కరెంటు కార్ల రేసు జరిగింది. 2.8 కిలోమీటర్లు, 18 మలుపులు. నాన్న టీవీలో మొత్తం చూశారట. ఆ రాత్రి ఆయనే ఫోన్ చేశారు, అది అరుదు. ఎవరు గెలిచారన్నది ఆయనకు పట్టలేదు. "ఆ గోడల మధ్య అంత దగ్గరగా పోతూ ఒకళ్ళ నొకళ్ళు చూసుకుంటున్నార్రా" అన్నారు. ఆ వేసవికి అమ్మానాన్నలు ఇక్కడికి రావడానికి టికెట్లు తీశాను.

లగూనా సెకా 1957లో మొదలైన ట్రాక్, మాంటెరే దగ్గర కొండల్లో ఉంటుంది. 3.6 కిలోమీటర్లు, 11 మలుపులు. చుట్టుపక్కల ఇళ్లుండటంతో శబ్దానికి కూడా హద్దు ఉంది, చాలా రోజుల్లో 90 డెసిబెల్స్ చుట్టూ. దాటితే నల్ల జెండా చూపించి లోపలికి పిలుస్తారు. బయల్దేరే ముందు మా ఇంటి వాకిట్లో అమ్మ ట్రైలర్ చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టింది. కారులో వదులుగా ఏ వస్తువూ ఉండకూడదని చెప్తే, శ్రీశైలం విభూతి నా నుదుటన పెట్టి, "పైన ఆ ముసుగు వేసుకో, పోదు" అంది.

నాన్నని శుక్రవారం కార్క్‌స్క్రూ దగ్గరికి నడిపించుకెళ్లాను. 8వ మలుపు అది. ఎడమకి తిరిగి, వెంటనే కుడికి తిరుగుతూ రోడ్డు కిందికి పడిపోతుంది. కొద్ది దూరంలోనే 18 మీటర్ల దిగుడు, ఐదంతస్తుల పైమాట. కారులోంచి చూస్తే, తిప్పే క్షణంలో అవతల రోడ్డే ఉండదు. ఆయన కంచె పట్టుకుని గంటసేపు నిలబడ్డారు. ఒక్కో కారు వస్తుంటే డ్రైవరు తల ఎటు తిరుగుతుందో చూస్తున్నారు.

"దిగేటప్పుడు దేన్ని చూస్తావు?"

"అదిగో, ఆ చెట్టుని నాన్నా. రోడ్డు దాని కిందే ఉంటుంది."

"నాకు తుమ్మలబైలు దాటాక ఒక రాయి ఉండేది" అన్నారు. ఆ రాయి గురించి నాకు అప్పటిదాకా తెలియదు.

ఆదివారం రేసులో 31 మందిలో 19వ స్థానం వచ్చింది. చివరి రెండు ల్యాపులు, అంతకుముందు ఏడాది జూన్‌లో నేను మట్టిలోకి నెట్టిన ఆయనతోనే పక్కపక్కన తిరిగాను. ఆయన ముందు, నేను వెనక ముగించాం. కాటా మీద తూకం సరిపోయింది. ప్యాడక్‌కి, అంటే ట్రాక్ పక్కన కార్లు నిలిపే చోటికి, తిరిగొచ్చేసరికి నాన్న అప్పటికే గేజ్ పట్టుకుని మోకాళ్ల మీద కూర్చున్నారు. టైర్లు వేడిగా ఉన్నప్పుడే గాలి కొలిచి రాసుకోవాలని నేనే పొద్దున చెప్పాను. ఎన్నో స్థానమని ఆయన అడగలేదు.

"రాసుకో" అన్నారు. "ముందు ఎడమ, ముప్పై ఆరు."